తిరగేసి కట్టిన అంటు

పోయిన వానాకాలం పాణ్యం దగ్గర రోడ్డు పక్క నర్సరీలో బంగినపల్లి మొక్క బేరమాడుతున్నాను. నర్సరీ ఆయన మొక్క మొదట్లో ప్లాస్టిక్ పీలిక చుట్టిన ముడి చూపించి, "కింద నాటుదమ్మా, పైన బంగినపల్లి. నాటు వేరు గట్టిగా ఉంటాది, కాయ మేలుది కాస్తాది" అన్నాడు. నా నోరు ఊరుకోదు. "తిరగేసి కడితే? కింద మేలుది, పైన నాటుది?" అని అడిగాను. ఆయన నన్ను కింది నుంచి పైదాకా చూశాడు.

"అట్ల యాడన్నా కడతారామ్మా? మతి ఉన్నోడు చేసే పనేనా?"

చేసినాయన ఒకాయన ఉన్నాడు. ఆయన మతి గురించి ఆళ్లగడ్డలో ఆ రోజుల్లోనే రెండు అభిప్రాయాలుండేవి. మొక్కను ఒళ్లో పెట్టుకుని నంద్యాల బస్సెక్కాక దారి పొడుగునా ఆయనే గుర్తొచ్చాడు.

డెబ్బైల నడుమ నేను టీచరు ట్రైనింగు ముగించి ఆళ్లగడ్డలో మిషను బడిలో చేరాను. మాది నంద్యాల. ఆళ్లగడ్డలో మా పెద్దనాయన ఇంట్లో ఉండి పనికి వెళ్లేదాన్ని. పెద్దనాయన అక్కడి క్రైస్తవ సంఘానికి పెద్ద. చర్చి ఆవరణలోనే బడి, బడి వెనక రెండు గదుల ఇల్లు, ఆ ఇంట్లో ఆ అంటు కట్టినాయనా ఆయన భార్యా. పాస్టరుగారు నంద్యాల నుంచి నెలకోసారి వచ్చేవారు. మిగతా ఆదివారాలు వాక్యం చెప్పడం, జబ్బుపడ్డవాళ్ల మంచం దగ్గర ప్రార్థన చేయడం, గంట కొట్టడం ఈయన పని. దాన్ని ఉపదేశి పని అంటారు. ఊరంతా ఉపదేశయ్య అనేవాళ్లు. పేరు ఉండే ఉంటుంది గానీ ఎవరూ దాంతో పిలవగా నేను వినలేదు.

పొట్టి మనిషి. చెవుల మీద గుబురుగా వెంట్రుకలు. వయసులో ఉండగా నంద్యాలలో మిషను బంగళాకి తోటమాలి, అక్కడి దొర దగ్గర అంట్లు కట్టడం నేర్చుకున్నాడు. తర్వాత చదవడం రాయడం వచ్చు కదా అని ఉపదేశిని చేశారు. ప్రసంగం కంటే కత్తి పనే ఆయనకు బాగా వచ్చు, ఆ సంగతి ఆయనే చెప్పేవాడు. చొక్కా జేబులో ఒక పక్క కళ్లద్దాలు, ఒక పక్క మడత కత్తి. వాక్యం చదవడానికి ఒక్కోసారి పొరపాటున కత్తి బయటికి తీసేవాడు. ముందు వరసలో పిల్లలు దానికోసమే కాచుకుని ఉండేవాళ్లు.

ప్రసంగం పది నిమిషాలు దాటేది కాదు. చెప్పుకుంటూ పోయి ఉన్నట్టుండి ఆగి, "నాకు తెలిసింది ఇంతేనప్పా. మిగతాది తెలిసినోళ్లని అడగండి" అని కూర్చునేవాడు. తెలియంది తెలియదని గుళ్లో నిలబడి చెప్పే మనిషిని నేను అంతకు ముందు చూడలేదు, ఆ తర్వాతా తక్కువే చూశాను. తెలియని సంగతి తగిలినప్పుడల్లా తువ్వాలు కొనకు ఒక ముడి వేసేవాడు. జవాబు దొరికితే విప్పేవాడు. ఆయన తువ్వాలుకి ఎప్పుడు చూసినా మూడు నాలుగు ముళ్లుండేవి. ఉతికేటప్పుడు ముళ్లు విప్పనివ్వడని భార్య తిట్టేది.

ఆదివారం పిల్లల క్లాసు నాది. ఒకనాడు ఆయన వచ్చి వెనక కూర్చుని, నేను ముగించాక పిల్లలని అడిగాడు.

"ఈ పుస్తకంలో దేవుని జనం ఉండారు, అన్యజనం ఉండారు. మనమెవరం?"

"ఇశ్రాయేలీయులం!" అని పిల్లలు ఒకటే అరుపు.

"మరి అన్యులెవురు?"

ఒక పిల్ల చెయ్యెత్తి, "మా ఎదురింటోళ్లు" అంది. కాలవ అవతల వాడ వాళ్లని ఇంకొకడు చెప్పాడు.

ఆయన కడుపు పట్టుకుని నవ్వాడు. "ఒరే, మీ తాత పుట్టింది ఐగుప్తులోనా, చాగలమర్రిలోనా? ఇశ్రాయేలంటే యూదులురా. మనం కాదు. మనమే అన్యులం. ఎదురింటోడెంతో నువ్వూ అంతే."

పిల్లలు బిత్తరపోయారు. నిజం చెప్పొద్దూ, నేనూ అంతే. పుట్టినప్పటి నుంచీ క్రైస్తవుల ఇంట్లో పెరిగి, ఎర్ర సముద్రం దాటింది మా వాళ్లే అన్నట్టు చదువుకున్నాను. అన్యులంటే ఎప్పుడూ పక్కింటివాళ్లే.

ఆ రోజు నుంచి ఆయన తనని పట్టి పీడిస్తున్న ముడి గురించి నాతో మాట్లాడడం మొదలుపెట్టాడు. బైబిల్లో, తొలినాటి బోధకుడైన అపొస్తలుడు రోమాలో ఉన్న సంఘానికి రాసిన ఉత్తరంలో ఒక ఒలీవ చెట్టు సంగతి ఉంది. చెట్టు దేవుడు పెంచుకున్నది, దాని అసలు కొమ్మలు యూదులు. వాటిలో కొన్ని విరిగిపోయాయి. వాటి చోట అడివి ఒలీవ కొమ్మలు తెచ్చి అంటు కట్టాడు. ఆ అడివి కొమ్మలు మిగతా లోకం. కాబట్టి ఓ అడివి కొమ్మా, విరిగిన కొమ్మల్ని చూసి మిడిసిపడకు, వేరు నిన్ను మోస్తోంది గానీ నువ్వు వేరును మోయడం లేదు అని హెచ్చరిక. ప్రసంగాల్లో నేను ఎన్నోసార్లు విన్నదే. ఎవరికీ అందులో ఏ చిక్కూ కనపడలేదు.

"అంటు తిరగబడినాది టీచరమ్మా" అన్నాడాయన, ఎవరైనా వింటారేమో అన్నట్టు గొంతు తగ్గించి. "మనం నాటు మొదులు మీద మేలు కొమ్మ కడతాం. మేలు చెట్టు కోసి అడివి కొమ్మ కట్టేటోడు యాడుండాడు? అపొస్తలుడికి తోటపని రాదా? రాకపోతే ఎందుకు రాసినాడు? వచ్చుంటే ఎందుకిట్ల రాసినాడు?"

ముడి వేసి ఊరుకునే రకం కాదు. ఆ ఏడు తొలకరి వానలు పడగానే చర్చి ఆవరణలో ఉన్న బంగినపల్లి చెట్టెక్కి, లావుపాటి కొమ్మ ఒకటి నరికి, చీల్చి, కోయిలకుంట్ల రోడ్డు పక్క నుంచి తెచ్చిన నాటు మామిడి పుల్లని అందులో దిగేసి, మైనం గుడ్డ చుట్టి నారతో బిగించాడు. అది దొరలు నాటిన చెట్టు. దాని కాయలు పాత కుటుంబాల ఇళ్లకు పంచడం ఆనవాయితీ. మా పెద్దనాయన వచ్చి చూసి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"ఏందప్పా ఇది? కాసే కొమ్మ కొట్టేసి రోడ్డు మీది పుల్ల కడతాండావు?"

"వాక్యంలో ఉండేది చేసి చూస్తాండానన్నా."

"వాక్యం చదివేదానికుండాది, చేసి చూసేదానికా?" అన్నాడు పెద్దనాయన. ఈ మాట అన్నందుకు ఆయనకు నవ్వు కూడా రాలేదు.

అంటు పట్టింది. మూడో ఎండాకాలం ఆ కొమ్మ కాసింది. గుప్పెడంత కాయలు, పీచు, నోట్లో పెడితే కళ్లు మూతపడే పులుపు. చెట్టంతా బంగినపల్లే, ఆ ఒక్క కొమ్మ మాత్రం నాటు. సంఘమంతా వచ్చి తిని, మొహాలు చిట్లించి నవ్వి వెళ్లింది. ఉపదేశయ్య భార్య మాత్రం కాయలు కోసుకుపోయి ఊరగాయ పెట్టింది. బంగినపల్లితో ఊరగాయ నిలవదు. ఇది ఏడాది నిలిచింది.

ఆయనకు ఇంకో పిచ్చి కూడా ఉండేది. ఒక్క యూదుడిని కంటితో చూడాలి. తెల్లవాడు ఎవరు కనపడ్డా, మిషను డాక్టరైనా, దారి తప్పిన హిప్పీ అయినా, ఎదురెళ్లి దండం పెట్టి "నువ్వు యూదుడివా అయ్యా?" అని అడిగేవాడు. వాళ్లు నవ్వి కాదనేవాళ్లు. డెబ్బైల చివర్లో ఒక శీతాకాలం నంద్యాల వ్యవసాయ ఫారానికి పత్తి పరిశోధకుడొకాయన అమెరికా నుంచి వచ్చాడు. ఆళ్లగడ్డ చుట్టుపక్కల చేలు చూడ్డానికి వచ్చి, మధ్యాహ్నం జీపు మా మామిడి చెట్టు నీడన ఆపించాడు. బడి వదిలే వేళ. ఉపదేశయ్య అప్పటికే దండం పెట్టి అడిగేస్తున్నాడు. ఆయనకు తెలుగు రాదు, ఈయనకు ఇంగ్లీషు రాదు. నా వచ్చీరాని ఇంగ్లీషుతో నేను మధ్యలో పడ్డాను.

ప్రశ్న చెబితే ఆయన మిగతావాళ్లలా నవ్వలేదు. కాసేపు నా మొహం, ఉపదేశయ్య మొహం మార్చి మార్చి చూశాడు. "ఎందుకు అడుగుతున్నాడు?" అన్నాడు. తర్వాత అర్థమైంది, ఆయన యూదుడే. వాళ్ల పెద్దవాళ్లు వదిలేసి వచ్చిన దేశంలో ఆ ప్రశ్న తలుపు తట్టి అడిగేవాళ్లట. అడిగినవాళ్లు మంచికి అడిగేవాళ్లు కాదట. అది నేను తెలుగులో చెబితే ఉపదేశయ్య మొహం మాడిపోయింది.

"అయ్యో, మంచికే అడుగుతాండానని చెప్పమ్మా. మేం మీ చెట్టెక్కి కూర్చున్నాం గదా. మీకు మా మింద కోపముండాదా అని అడుగు."

ఏ చెట్టని ఆయన అడిగాడు. నేను తడబడుతుంటే ఉపదేశయ్య ఆయన్ని రెక్క పట్టుకుని తీసుకెళ్లి తను కట్టిన కొమ్మ చూపించాడు. ఆయన అతుకుని వేళ్లతో తడిమి, ఆకులు తిప్పి చూసి, "కట్టిన చెయ్యి మంచి చెయ్యే, కానీ తిరగేసి కట్టాడే!" అన్నాడు. ఉపదేశయ్య ఎగిరి గంతేసినంత పని చేశాడు. అపొస్తలుడు రాసిన సంగతి మొత్తం నా చేత చెప్పించాడు. ఆయన విని, "మీ అపొస్తలుడు పట్నంవాడై ఉంటాడు. కత్తి పట్టి ఉండడు" అన్నాడు. ఇద్దరూ ఒకరి భుజం ఒకరు తట్టుకుని నవ్వారు. మాట నేను తెలుగులోకి మార్చకముందే ఉపదేశయ్య నవ్వడం మొదలుపెట్టాడు, ఎట్లా అర్థమైందో.

కోపం గురించి అడిగిన దానికి ఆయన చివర్లో చెప్పాడు. "నేను ప్రార్థనకు వెళ్లి చాలా ఏళ్లయింది. నేను ఆ చెట్టు మీద పుట్టాను, అంతే. చెట్టు నేను నాటింది కాదు. ఎవరు కూర్చోవాలో చెప్పడానికి నేనెవర్ని?"

ఉపదేశయ్య భార్య జొన్నరొట్టెలు, పప్పు, ఆ నాటు కొమ్మ ఊరగాయ పెట్టింది. ఆయన చాప మీద కూర్చుని, చెమటలు కక్కుతూ, ఊరగాయ రెండుసార్లు అడిగి తిన్నాడు. జీపు డ్రైవరు మాత్రం మా వాడలో నీళ్లు కూడా ముట్టక స్టీరింగు ముందే కూర్చున్నాడు.

జీపు వెళ్లాక ఉపదేశయ్య వారం రోజులు అదోలా తిరిగాడు. ఒక సాయంత్రం బడికి తాళం వేస్తుంటే వచ్చి తువ్వాలు చూపించాడు. పెద్ద ముడి విప్పి ఉంది.

"అపొస్తలుడికి పని వొచ్చమ్మా. అట్ల కట్టేది సహజం కాదని ఆయనే రాసుకున్యాడు, మళ్లా చదివినా. తెలిసే తిరగేసినాడు. కాయ కోసం కట్టేటోడు మేలు కొమ్మ కడతాడు. అడివి కొమ్మతో ఎవురికేం పని? దానిమింద ప్రేమ ఉండేటోడు కడతాడు, అంతే."

అప్పుడది నాకు మంచి మాటగా మాత్రమే వినిపించింది. ఎందుకు ముఖ్యమో చర్చిలో కోత పండుగ నాడు తెలిసింది.

ఆ ఏడే కాలవ అవతల వాడ నుంచి కొన్ని కుటుంబాలు బాప్తిస్మం తీసుకున్నాయి. ఊళ్లో పెద్ద కులాల వాళ్లకి వాళ్లూ మేమూ ఒకటే దూరం. అయినా మేము వాళ్లకంటే ఒక మెట్టు పైన అనుకునేవాళ్లం. వాళ్లు నీళ్లలో మునిగి లేచాక కూడా మా ఇళ్లల్లో వాళ్లని అన్యులనే అనేవాళ్లు. గుళ్లో వెనక చాపలు వేశారు. సంస్కారం ద్రాక్షరసం పాత్ర అందరి తర్వాత వాళ్లకి అందేది. ఉపదేశయ్యకి అది ముల్లులా ఉండేదని అందరికీ తెలుసు. కోత పండుగ నాడు సంఘమంతా కలిసి తినే ప్రేమ విందులో కొత్తవాళ్లకి వరండాలో, పాతవాళ్లకి హాల్లో విస్తళ్లు వేయాలని మా పెద్దనాయన తీర్మానించాడు.

హాల్లో మొదటి వరసలో ఉపదేశయ్యకి విస్తరి వేశారు. ఆయన ప్రార్థన చేశాడు, ఆమెన్ అన్నాక కూర్చోలేదు. వంగి తన విస్తరి చేతిలోకి తీసుకున్నాడు.

"అసలు కొమ్మే మా ఇంటికొచ్చి చాప మింద కూర్చోని రొట్టె తినిపాయ. అంటు కొమ్మలం, మనకేం వొచ్చిందప్పా?"

"ఉపదేశం గుళ్లో చెప్పు. పంక్తిలో కాదు" అన్నాడు పెద్దనాయన.

"విరిగిన కొమ్మలు మళ్లా వొస్తాయని రాసుండాది గదన్నా. రేపు వాళ్లొస్తే యాడ కూర్చోబెడతావు? వరండాలోనేనా?"

ఆయన విస్తరి పట్టుకుని వరండాలోకి వెళ్లి కొత్తవాళ్ల వరసలో కూర్చున్నాడు. భార్య కూడా లేచి వెళ్లి అక్కడ ఆడవాళ్ల వరస చివర కూర్చుంది. వడ్డించేవాళ్లని పిలిచి, ఆమె పక్కన ఇంకో విస్తరి వేయించాడు. అందులో అన్నం, పప్పు, కూర అన్నీ పెట్టించాడు. ఆ విస్తరి ముందు ఎవరూ లేరు.

"యూదుడికి ఇస్తరి ఏపించినాడప్పా" అని హాల్లో ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వినట్టే గుర్తు.

గుమ్మం ఎదురుగానే నా చోటు. ఆ ఖాళీ విస్తరి నాకు బాగా కనపడుతోంది. లేచి వెళ్లాలని అనిపించింది. లేవలేదు. పెద్దనాయన ఇంట్లో ఉంటున్నాను, ఎదిరిస్తే ఎక్కడికి పోవాలన్న భయం ఉంది. అంతకంటే పెద్దది ఇంకోటుంది: కాలవ అవతలి వాళ్ల పక్కన కూర్చోడానికి నాకు సిగ్గేసింది. భయం సంగతి నేను తొందరగానే ఒప్పుకున్నాను. సిగ్గు సంగతి ఒప్పుకోడానికి చాలా ఏళ్లు పట్టింది. తల వంచుకుని అన్నం తిన్నాను.

నెల తిరక్కుండా ఆయన్ని జూపాడు బంగ్లా దగ్గర ఒక పల్లెకి మారుస్తూ ఉత్తరం వచ్చింది. సామాను ఒక ట్రంకు పెట్టె, తడిగోనెలో చుట్టిన మామిడి మొక్కలు నాలుగు. బస్సు దగ్గరికి కాలవ అవతలి వాడ మొత్తం వచ్చింది. నేను బడి ఉందని వెళ్లలేదు. బడికి ఆ పూట సెలవు పెట్టొచ్చు.

పెళ్లయి నంద్యాల వచ్చేశాను. ఎనభైల్లో ఒకసారి కోత పండుగకి ఆళ్లగడ్డ వెళితే హాలుకీ వరండాకీ మధ్య గోడ లేదు. ఎవరికీ మనసు మారి కాదు, జనం పెరిగి చోటు చాలక కొట్టేశారట. ఎవరికి ఎక్కడ చోటు దొరికితే అక్కడ కూర్చుని తింటున్నారు. ఆ నాటు కొమ్మ మాత్రం విరగకాసిందని, ఊరగాయ సంఘం మొత్తానికీ దానిదేనని చెప్పారు. ఒక జాడీ అడిగి తెచ్చుకున్నాను. ఆ తర్వాతి శనివారం జాడీ సంచిలో పెట్టుకుని జూపాడు బంగ్లా బస్సెక్కాను.

ఆయన ఇంటి ముందు మంచం మీద కూర్చుని ఉన్నాడు. చూపు తగ్గింది. గొంతు గుర్తుపట్టి, "టీచరమ్మా! ఎట్లుండావ్?" అన్నాడు. జాడీ ఆయన భార్య చేతికిచ్చి, గోడ కొట్టేసిన సంగతి చెప్పాను.

"గోడ కొట్టేసినారా? ఎందుకు?"

"చోటు చాలక."

"చోటు చాలకనా!" అని దగ్గు వచ్చేదాకా నవ్వాడు. "దేవుడికి ఎన్ని దార్లుండాయో సూడు" అని తువ్వాలు తడుముకుని ఒక ముడి విప్పాడు.

నేను దాచిపెట్టుకున్నది అడిగేశాను. ఆ రోజు వరండాలో ఖాళీగా ఉన్న విస్తరి ఎవరి కోసం? నిజంగా యూదుడి కోసమేనా?

ఆయన ఆశ్చర్యపోయాడు. "ఆయన అమెరికాలో ఉంటే ఈడ అన్నం ఎందుకు పెట్టిస్తానమ్మా? నీకే. నువ్వు గుమ్మానికెదురుగా కూర్చోనుంటివి గదా, లేసొస్తావనుకున్యా. సల్లారిపాయ."

ఏడ్చానని చెప్పడానికి ఇప్పుడు సిగ్గేమీ లేదు. నేను సర్దుకునేదాకా ఆయన కదలకుండా కూర్చుని, తర్వాత లోపలికి చూసి కేకేశాడు.

"ఏమే, టీచరమ్మకీ నాకూ అన్నం పెట్టు. ఆ జాడీ ఇప్పు." నా వైపు తిరిగాడు. "ఆ పొద్దు లేయకపోతివి. ఈ పొద్దన్నా లే, చేతులు కడుక్కో."

లేచి చేతులు కడుక్కున్నాను.